గాజు అంచు దాటే వెలుగు



ఈ పూట మనం మాట్లాడుకోబోయేది గాజు అంచును అంటిపెట్టుకుని ఉండే వెలుగు గురించి. దాని మందం మన తల వెంట్రుకలో సుమారు నాలుగు వందల వంతు. దూరం నుంచి చూసే కంటికి అది ఆనదు. కానీ రెండు అణువులు ఎదురుపడి ఒకదాన్నొకటి పట్టుకుంటే, ఆ పట్టు ఎంత గట్టిదో, ఎంతసేపు నిలిచిందో ఆ వెలుగు చెబుతుంది. రక్తంలో రోగం జాడ వెతకడానికి, కొత్త మందు తన లక్ష్యాన్ని పట్టుకుంటుందో లేదో చూడటానికి ఇవాళ ప్రపంచమంతటా ప్రయోగశాలలు దాన్ని వాడుకుంటున్నాయి.

ముందుగా మీ చేత చిన్న ప్రయోగం చేయిస్తాను. రేడియో దగ్గర కూర్చునే చేయొచ్చు. నున్నటి గోడలున్న గాజు గ్లాసు తీసుకుని నిండా నీళ్ళు పోయండి. పొడి చేత్తో గ్లాసు పట్టుకుని, పైనుంచి నీళ్ళలోంచి ఏటవాలుగా లోపలి గోడకేసి చూడండి. గోడ వెండిలా తళతళలాడుతుంది. గ్లాసును పట్టుకున్న మీ వేళ్ళు మాత్రం కనబడవు. ఇప్పుడు బొటనవేలు కాస్త తడి చేసి గ్లాసుకు గట్టిగా నొక్కండి. ఆ మెరుపు మధ్యలో మీ వేలిముద్ర గీతలు గీతలుగా తేలుతుంది. చర్మం మీది గట్లు గాజును తాకిన చోట మెరుపు పోయింది. గట్టుకీ గట్టుకీ మధ్యనున్న పల్లాల్లో మెరుపు అలాగే ఉంది. రేషన్ షాపులోనో, బ్యాంకులోనో వేలిముద్ర తీసుకునే యంత్రాల్లో, వెలుగుతో పనిచేసే రకాలు చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తాయి.

ఇందులో జరిగిందేమిటి? గాజులోంచి గాలిలోకి రావలసిన వెలుగు బాగా ఏటవాలుగా వస్తే బయటపడలేదు, మొత్తం వెనక్కి మళ్ళుతుంది. దీన్నే ఇంటర్మీడియట్‌లో సంపూర్ణాంతర పరావర్తనం అని చదువుకున్నాం. వజ్రం మెరుపుకీ, మన ఇళ్ళకు ఇంటర్నెట్ మోసుకొచ్చే ఫైబర్ తీగకీ ఆధారం అదే. సందిగ్ధ కోణం దాటితే వెలుగు మొత్తం వెనక్కి వస్తుందని రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. నేను చెప్పదలచుకున్నదంతా ఆ జవాబు ఆగిన చోట మొదలవుతుంది.

వెలుగు ఒక తరంగం. గాజు లోపల అంత బలంగా ఊగుతున్న విద్యుత్ క్షేత్రం, గాజు దాటిన మరుక్షణమే సున్నా అయిపోవడానికి ప్రకృతి నియమాలు ఒప్పుకోవు. అందుకని కొంత క్షేత్రం అవతలికి వస్తుంది. వచ్చినది దూరంగా సాగిపోదు. గాజు వెంబడే పాకుతుంది, గాజుకు ఎడమయ్యేకొద్దీ చకచకా క్షీణించిపోతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని ఎవనెసెంట్ తరంగం అంటారు. అవతల ఏమీ లేకపోతే దాని శక్తి నష్టం లేకుండా తిరిగి గాజులోకే చేరుతుంది. అవతల ఏదైనా పదార్థం అందుబాటులో ఉంటే అది కాస్త శక్తిని అందుకుంటుంది. అది అందుకున్న మేరకు వెనక్కి మళ్ళే వెలుగు తగ్గుతుంది. గాజును తాకీ తాకనట్టున్న చర్మపు గట్టు కూడా కనబడేది అందుకే.

రెండు పట్టకాలను ఒకదానికొకటి నొక్కి పట్టినప్పుడు, అవి తాకిన చోట మాత్రమే కాకుండా దాని చుట్టుపక్కల కూడా వెలుగు అవతలికి దాటుతుందని న్యూటన్ గమనించాడు. 1704లో వచ్చిన తన ఆప్టిక్స్ గ్రంథంలో ఆ సంగతి రాశాడు. మన దేశంలో ఈ విషయాన్ని కొలతలతో తేల్చినవారు జగదీశ్ చంద్రబోస్. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన స్వయంగా రూపొందించిన పరికరాలతో సెంటీమీటర్ల పొడవున్న విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించారు. రెండు గాజు పట్టకాలను ఎదురెదురుగా పెట్టి, మధ్యనున్న గాలి సందును కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. సందు సన్నగా ఉన్నంతవరకు తరంగాలు కొంత అవతలి పట్టకంలోకి దాటాయి. సందు పెరిగేకొద్దీ దాటేది తగ్గిపోయింది. 1897లో రాయల్ సొసైటీ ఆ పరిశోధనను ప్రచురించింది. ఆయన వాడిన తరంగాలు పొడవైనవి కాబట్టి సందు మిల్లీమీటర్లలో ఉంది, చేత్తో సవరించడానికి వీలైంది. కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం మిల్లీమీటరులో సుమారు రెండు వేల వంతు. అందుకని దాని విషయంలో ఈ దూరం కూడా నానోమీటర్లలోకి దిగుతుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. అణువులు మసలే లోకం కొలత అది.

ఇక్కడ వైద్యం ప్రవేశిస్తుంది.

రక్తపు చుక్కలో మనకు కావలసింది ఒకే ఒక్క ప్రోటీన్ అనుకోండి. దాన్ని పట్టుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం కనిపెట్టిన గొప్ప ఉపాయం, గుర్తు తగిలించడం. రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ 1950ల చివర రేడియోధార్మిక గుర్తుతో ఇన్సులిన్‌ను కొలిచారు. ఆ పనికి 1977లో యాలోకు నోబెల్ బహుమతి వచ్చింది. బెర్సన్ అప్పటికే కన్నుమూశారు. 1971లో స్వీడన్‌లో ఇవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ రేడియోధార్మికత అక్కర్లేకుండా, రంగు తెప్పించే ఎంజైమును గుర్తుగా వాడారు. డెంగీకో, హెచ్‌ఐవీకో మన ఆసుపత్రుల్లో చేసే ఎలైజా పరీక్ష అదే. ఎన్ని ప్రాణాలు దాని పుణ్యమా అని నిలబడ్డాయో చెప్పలేం. అయితే గుర్తు తగిలించి, కడిగి, మళ్ళీ కడిగి, చివర రంగు చూసే పద్ధతిలో మనకు తెలిసేది ముగింపు ఒక్కటే. అణువు ఎప్పుడు వచ్చింది, ఎంత వేగంగా అతుక్కుంది, ఎంతసేపటికి విడిపోయింది, ఇవేవీ తెలియవు.

గాజు అంచునుండే వెలుగుకు ఏ గుర్తూ అక్కర్లేదు. అది చూసేది అంచు నుంచి 200 నానోమీటర్ల లోపు మాత్రమే. పైన ప్రవహిస్తున్న ద్రవంలో లక్ష రకాల అణువులు తిరుగుతున్నా దాదాపుగా పట్టించుకోదు. అంచు మీద వచ్చి కూర్చున్న వాటినే లెక్కలోకి తీసుకుంటుంది. ఈ మాట శ్రోతలు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. ఈ సెన్సర్లకు అంత సున్నితత్వం వచ్చింది వెలుగు తీవ్రత పెంచడం వల్ల కాదు, వెలుగు చూసే మేరను కుదించడం వల్ల. తక్కువ మేర చూస్తుంది కాబట్టే అక్కడ జరిగే చిన్న మార్పు కూడా దానికి పెద్దదే.

ఈ చూపుకు పదును పెట్టింది బంగారం. ఆ కథ 1902లో మొదలవుతుంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వుడ్, సన్నటి గీతలు గీసిన లోహపు పలక మీద తెల్లని వెలుగు పడేసి, తిరిగొచ్చిన రంగులను పరిశీలించాడు. రంగులు ఒకదాని తర్వాత ఒకటి నున్నగా మారవలసింది పోయి, కొన్ని చోట్ల హఠాత్తుగా చీకటి పట్టీలు కనిపించాయి. అప్పటికున్న సిద్ధాంతాలతో వాటిని వివరించడం కుదరలేదు. 1941లో యూగో ఫానో, ఆ పోయిన వెలుగు లోహం ఉపరితలం వెంబడి పాకే తరంగంగా మారుతోందని చూపాడు. 1957లో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలకు చెందిన రూఫస్ రిచీ, లోహపు పొరల ఉపరితలం మీద ఎలక్ట్రాన్లు గుంపుగా అలల్లా ఊగగలవని లెక్కగట్టాడు. ఈ అలలకే ఉపరితల ప్లాస్మాన్లు అని పేరు.

వెలుగుతో ఈ అలలను లేపడం అంత తేలిక కాదు. పల్లకీ మోసే బోయీల అడుగు కలిస్తేనే పల్లకీ సాగుతుంది. ముందువాడు అంగలు వేస్తూ, వెనకవాడు చిట్టి అడుగులు వేస్తుంటే కుదరదు. గాలిలో వెలుగు వేసే అడుగు పెద్దది, బంగారం మీది ఎలక్ట్రాన్ అల అడుగు చిన్నది. 1968లో జర్మనీలో ఆండ్రియాస్ ఓటో ఒక పక్క, ఎర్విన్ క్రెచ్‌మన్, హైంజ్ రెథర్ మరోపక్క దీనికి దారి కనుక్కున్నారు. వెలుగును గాజు పట్టకంలోంచి పంపితే దాని అడుగు కురచవుతుంది. ఆపైన కోణాన్ని సవరిస్తూ పోతే, ఒకానొక కోణం దగ్గర రెండు అడుగులూ సరిగ్గా కలుస్తాయి. క్రెచ్‌మన్ పద్ధతిలో పట్టకం అడుగున పల్చటి లోహపు పొర పూస్తారు. ఇవాళ ఎక్కువగా వాడే బంగారు పొర మందం సుమారు 50 నానోమీటర్లు. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు.

ఆ పొర మీద ఎర్రని లేజర్ వెలుగు పడేసి, కోణాన్ని మెల్లగా మారుస్తూ, తిరిగొచ్చే వెలుగును కొలుస్తాం. బంగారం అవతల నీళ్ళున్నాయనుకోండి. అరవై డిగ్రీలు దాటాక వెలుగు బాగా తిరిగొస్తూ ఉంటుంది. డెబ్బై రెండు, డెబ్బై మూడు డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పడిపోతుంది. దాదాపు చీకటి. అక్కడ వెలుగు శక్తి అంతా బంగారం మీది అలలోకి వెళ్ళిపోయింది. దీన్నే అనునాదం అంటాం. ఆ చీకటి ఏ కోణం దగ్గర పడుతుందో నిర్ణయించేది బంగారాన్ని అవతలి వైపు తాకుతున్న పదార్థం. అక్కడి నీటిని పక్కకు నెట్టి ఒక ప్రోటీన్ అణువు కూర్చుంటే, ప్రోటీన్ వక్రీభవన గుణకం నీటికంటే ఎక్కువ కాబట్టి, చీకటి కోణం కాస్త జరుగుతుంది. ఆ జరుగుడును కొలిస్తే ఎంత ప్రోటీన్ వచ్చి కూర్చుందో తెలిసిపోతుంది.

ఈ చీకటి కోణంతో జీవాణువులను కొలవవచ్చని 1983లో స్వీడన్‌లోని లిన్‌షోపింగ్‌లో బో లీడ్‌బెర్గ్, క్లేస్ నైలాండర్, ఇంగెమార్ లుండ్‌స్ట్రోమ్ చూపించారు. వెండి పొర మీద ఒక యాంటీబాడీని నిలిపి, దాన్ని పట్టుకునే మరో యాంటీబాడీని పంపితే కోణం జరిగింది. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో బెల్ లాబొరేటరీస్‌లో రాల్ఫ్ నుజ్జో, డేవిడ్ అల్లారా మరో పని చేశారు. గంధకం ఉన్న అణువులు బంగారం మీద తమంతట తామే ఒకే వరుసలో క్రమంగా పేరుకుంటాయని కనుగొన్నారు. బంగారానికి గంధకం మీద ఉన్న మక్కువ వల్ల, దాని మీద మనకు కావలసిన రసాయన పొరను అల్లుకోవచ్చని తేలింది. వెలుగు విద్య ఒకచోట, ఉపరితల రసాయన విద్య మరోచోట ఒకే ఏడాది అందివచ్చాయి. ఈ రెండూ కలవకపోతే ఇవాళ ఈ సెన్సర్లు లేవు. 1990లో స్వీడన్‌లోని ఉప్సాలా నుంచి బయాకోర్ అనే యంత్రం మార్కెట్లోకి వచ్చింది. అప్పటినుంచి ఇది ప్రయోగశాలల్లో రోజువారీ పనిముట్టు అయింది.

ఆ యంత్రం ముందు కూర్చుంటే కనిపించేదేమిటో చెబుతాను. తెర మీద ఒక గీత గీసుకుంటూ పోతుంటుంది. అడ్డంగా సమయం, నిలువుగా కోణం జరుగుడు. బంగారం మీద ముందుగానే ఒక అణువును, అంటే ఎరను, కట్టిపడేసి ఉంచుతారు. దాని మీదుగా ఉప్పునీటి ద్రావణం పారుతుంటుంది. గీత బల్లపరుపుగా సాగుతుంది. ఇప్పుడు ద్రావణంలో రెండో అణువును కలిపి వదిలితే గీత పైకి లేస్తుంది. మొదట నిటారుగా లేచి, ఖాళీలు నిండేకొద్దీ వంగి, చివరికి సమతలానికి వస్తుంది. అంటే ఎంతమంది వచ్చి పట్టుకుంటున్నారో, అంతమంది విడిచి పోతున్నారన్నమాట. ఆ తర్వాత మళ్ళీ ఉత్త ద్రావణం పారిస్తే, పట్టు వదిలిన అణువులు కొట్టుకుపోతూ గీత కిందికి దిగుతుంది. ఎక్కిన తీరు పట్టుకునే వేగాన్ని చెబుతుంది, దిగిన తీరు విడిచే వేగాన్ని చెబుతుంది.

ఈ విడిచే వేగం వైద్యానికి ఎంత ముఖ్యమో చూడండి. ఒక మందు అణువు తన లక్ష్యం నుంచి సెకనుకు వెయ్యిలో ఒక వంతు చొప్పున విడిపోతుంటే, సుమారు పదకొండున్నర నిమిషాల్లో సగం ఊడిపోతుంది. ఆ వేగం వంద రెట్లు తక్కువైతే, సగం ఊడటానికి పందొమ్మిది గంటలు పడుతుంది. చివర రంగు చూసే పరీక్షలో ఈ రెండు మందులూ ఒకేలా కనిపించే వీలుంది. రోగికి మాత్రం రెండూ ఒకటి కావు.

ఇందులో కొలమానం రెస్పాన్స్ యూనిట్. ఒక యూనిట్ అంటే చదరపు మిల్లీమీటరు చోటులో ఒక పికోగ్రాము ప్రోటీన్. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. కోణంలో చూస్తే అది డిగ్రీలో పదివేల వంతు. ఆ మాత్రం జరుగుడును మంచి యంత్రాలు స్పష్టంగా పట్టుకుంటాయి.

కరోనా రోజులు మనమెవ్వరం మరిచిపోలేదు. కొత్త వైరస్ ఇంత వేగంగా ఎందుకు వ్యాపిస్తోందని ప్రపంచమంతా అడుగుతున్న సమయంలో, 2020 ఫిబ్రవరిలో, టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జేసన్ మెక్‌లెలన్ బృందం సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. వైరస్ మీది స్పైక్ ప్రోటీన్‌ను సెన్సర్ మీద నిలిపి, మన కణాల మీద ఉండే ఏస్-2 ప్రోటీన్‌ను దాని మీదుగా పంపారు. గీత లేచిన తీరు, దిగిన తీరు చూసి, కొత్త వైరస్ స్పైక్ 2003 నాటి సార్స్ వైరస్ స్పైక్ కంటే పది నుంచి ఇరవై రెట్లు గట్టిగా పట్టుకుంటోందని లెక్క తేల్చారు. తర్వాత మరికొన్ని ప్రయోగశాలలు ప్రోటీన్ ముక్కలను వేరే విధంగా అమర్చి కొలిస్తే తేడా నాలుగు రెట్ల దగ్గరే వచ్చింది. అంకె మారినా దిశ మారలేదు. సెన్సర్ మీద అణువును ఎలా నిలబెట్టామన్నది కూడా కొలతలో భాగమేనని దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ సంగతి మళ్ళీ మనకు అక్కరకొస్తుంది.

ఇక మన హైదరాబాదు విషయం. క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుకు సమానమైన మందును డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో మన దేశంలో విడుదల చేసింది. ఇలాంటి వాటిని బయోసిమిలర్లు అంటారు. పారాసిటమాల్ మాత్రను ఎవరు తయారుచేసినా అణువు ఒకటే. యాంటీబాడీ మందు అలా కాదు, దాన్ని బతికున్న కణాలు తయారుచేస్తాయి. ఒక ఫ్యాక్టరీ కణాలు చేసినదానికీ, మరో ఫ్యాక్టరీ కణాలు చేసినదానికీ పైపైన చక్కెర గొలుసుల్లో చిన్న చిన్న తేడాలుంటాయి. అందుకని అసలు మందూ, సమానమని చెప్పే మందూ తమ లక్ష్యాలను ఒకే తీరుగా పట్టుకుంటున్నాయా అన్నది రుజువు చేసి చూపాలి. ప్రపంచవ్యాప్తంగా ఆ పోలికకు వాడే ప్రధాన పద్ధతుల్లో ఈ ఉపరితల ప్లాస్మాన్ కొలత ఒకటి. తక్కువ ధరకు వచ్చే మందును రోగి నమ్మకంతో తీసుకోవాలంటే, దాని వెనుక ఇలాంటి కొలతలు ఉండాలి.

ఇదే భౌతికశాస్త్రం మరో రూపంలో మీ చేతుల్లోకి ఎప్పుడో వచ్చింది. మలేరియా, డెంగీ, గర్భ నిర్ధారణ, కరోనా, వీటికి వాడే ర్యాపిడ్ కిట్ మీద ఎర్రగీత చూసే ఉంటారు. చాలా కిట్లలో అది రంగు మందు కాదు, బంగారం. సుమారు నలభై నానోమీటర్ల బంగారు రేణువులు. ముద్దగా ఉంటే పచ్చగా మెరిసే బంగారం ఇంత చిన్న రేణువులైనప్పుడు, వాటి ఎలక్ట్రాన్లు ఆకుపచ్చ వెలుగుకు అనునాదం చెంది దాన్ని మింగేస్తాయి. మిగిలిన ఎరుపు మన కంటికి చేరుతుంది. ఎర్రని బంగారు ద్రావణం గురించి మైఖేల్ ఫారడే 1857లోనే పరిశోధించాడు. ఇవాళ మారుమూల తండాలో ఆశా కార్యకర్త చేతిలోని కిట్‌లో అదే పని చేస్తోంది. వెల తక్కువ, కరెంటు అక్కర్లేదు, పావుగంటలో ఫలితం. అయితే ఉందా లేదా అని చెప్పడం దాని బలం, ఎంత ఉందో కచ్చితంగా చెప్పడం దానికి కష్టం.

మరి ఇంత సున్నితమైన సెన్సర్లు ఉండగా, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఇవెందుకు లేవు? ధర ఒక కారణం. అంతకంటే లోతైన కారణాలు మూడున్నాయి.

మొదటిది వేడి. నీటి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దాని వక్రీభవన గుణకం సుమారు పదివేలలో ఒక వంతు తగ్గుతుంది. చిన్న మార్పే. కానీ సెన్సర్‌కు అది వంద యూనిట్ల జరుగుడు. అంటే డిగ్రీలో వందో వంతు మారినా ఒక యూనిట్ తప్పుడు సంకేతం వస్తుంది. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చే గదిలో ఆ స్థిరత్వం ఎలా తేవాలి? ఎర లేని మరో కాలువను పక్కనే పెట్టి, అక్కడి జరుగుడును తీసివేయడం అందరూ వాడే ఉపాయం. అది చాలావరకు ఆదుకుంటుంది.

రెండోది, ఇది అసలైన చిక్కు, రక్తంలోని రద్దీ. గుండెపోటు వచ్చినప్పుడు దెబ్బతిన్న గుండె కండరం నుంచి ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ఒక సున్నితమైన ట్రోపోనిన్-టి పరీక్షలో అనుమానించవలసిన హద్దు లీటరుకు 14 నానోగ్రాములు. అదే లీటరు రక్తద్రవంలో అల్బుమిన్ సుమారు 40 గ్రాములు ఉంటుంది. లెక్క వేస్తే, వెతుకుతున్న ప్రోటీన్ ఒక పాలు అయితే అల్బుమిన్ ఒక్కటే దగ్గరదగ్గర 300 కోట్ల పాళ్ళు. వెలుగుకు ఏ అణువు ఏదో తెలియదు. అంచు మీద ఎవరు కూర్చున్నా కోణం జరుగుతుంది. పిలవని అల్బుమిన్ కాస్త అంటుకున్నా, ట్రోపోనిన్ సంకేతం అందులో మునిగిపోతుంది. కాబట్టి కావలసినదాన్ని మాత్రమే పట్టుకుని, మిగతావాటిని అంటనివ్వని ఉపరితలం కావాలి. అది వెలుగు చేసే పని కాదు, రసాయనశాస్త్రం చేయాలి. నీటిని గట్టిగా పట్టి ఉంచే పాలిమర్ పొరలు, సరైన దిశలో నిలబెట్టిన యాంటీబాడీలు, ఇలా ముప్పై నలభై ఏళ్ళుగా దీని మీద శ్రమ జరుగుతూనే ఉంది.

మూడోది నిరీక్షణ. వెలుగు ఎంత సిద్ధంగా ఉన్నా, అణువు అంచు దాకా రావాలి కదా! మరీ అరుదైన అణువులైతే, ద్రవంలో అటూ ఇటూ తిరిగి ఆ కాస్త చోటును చేరడానికే గంటలు పట్టవచ్చు. ద్రవాన్ని ఎలా పారించాలి, ఎరను ఎంత మేర పరచాలి అన్నవి కూడా అందుకే సున్నితత్వంలో భాగం.

ఈ చిక్కులను తగ్గించడానికి ఎన్నో దారులు వెతుకుతున్నారు. లోహం వెలుగును కొంత మింగేస్తుంది, అందువల్ల చీకటి పట్టీ వెడల్పుగా ఉంటుంది. దాని నడిమధ్య ఎక్కడో కచ్చితంగా చెప్పడం కష్టమవుతుంది. లోహం బదులు, రెండు రకాల పారదర్శక పదార్థాలను ఒకదానిపై ఒకటి పొరలు పొరలుగా పేర్చినా ఉపరితలం వెంబడి పాకే తరంగం పుడుతుంది. దాన్ని బ్లాక్ ఉపరితల తరంగం అంటారు. అందులో నష్టం తక్కువ కాబట్టి చీకటి పట్టీ సన్నటి గీతలా వస్తుంది. ఇక గాజు గోళంలో వెలుగును లోపలి అంచు వెంబడి మళ్ళీ మళ్ళీ తిప్పి, ఒకే అణువును పలుమార్లు పలకరించేలా చేసే పద్ధతి ఇంకొకటి. 2008లో ఫ్రాంక్ వోల్మర్, స్టీఫెన్ ఆర్నాల్డ్ బృందం ఈ దారిలో ఇన్‌ఫ్లుయెంజా వైరస్ రేణువులు ఒక్కొక్కటిగా వచ్చి అంటుకోవడాన్ని నమోదు చేసింది.

మన దేశంలోనూ పని జరుగుతోంది. ఐఐటీ బొంబాయి, ఐఐటీ మద్రాసుల్లో ఆప్టికల్ ఫైబర్‌ను యు ఆకారంలో వంచి సెన్సర్‌గా వాడటం మీద పరిశోధనలు చేశారు. వంపు దగ్గర వెలుగు అంచు దాటి ఎక్కువగా బయటికొస్తుంది. పట్టకమూ, కోణం తిప్పే యంత్రాంగమూ అక్కర్లేదు. ఒక చిన్న దీపం, ఒక డిటెక్టర్ ఉంటే చాలు. మన పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హయ్యర్ లెర్నింగ్‌లో మరో కోణం నుంచి ప్రయత్నిస్తున్నారు. లోహపు పొరకు అతి దగ్గరలో మెరిసే అణువును ఉంచితే, అది అన్ని దిక్కులకూ చిమ్మవలసిన వెలుగు ప్లాస్మాన్‌ను లేపి, ఒకే కోణంలో కట్టగట్టుకుని వస్తుంది. అలా వస్తే కొద్ది వెలుగును కూడా వృథా కాకుండా ఏరుకోవచ్చు.

శ్రోతలారా, కొత్త బయోసెన్సర్ వచ్చిందని, అంత చిన్న మోతాదును పట్టేసిందని పత్రికల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. సంతోషించవలసిన వార్తలే. చదివినప్పుడు రెండు సంగతులు మాత్రం వెతకండి. ఆ కొలత శుభ్రమైన ఉప్పునీటి ద్రావణంలో తీసుకున్నదా, నిజమైన రోగి రక్తంలో తీసుకున్నదా? అదే సెన్సర్‌ను మరో చోట, మరో చేతులతో వాడినా అదే ఫలితం వచ్చిందా? ఈ రెండింటికీ జవాబు ఉంటే ఆ పరికరం ఆసుపత్రి గడప తొక్కడానికి దగ్గరలో ఉన్నట్టు. లేకపోతే ఇంకా కొంత దూరం ఉన్నట్టు.

డిగ్రీలో, పీజీలో ఉన్న పిల్లలకు ఒక మాట. ఉపరితలం మీది వెలుగును కొలిచే విద్యలో మనిషి ఇప్పటికే చాలా దూరం వచ్చాడు. ఆ ఉపరితలాన్ని తయారుచేసే విద్యలో చేయవలసింది ఇంకా కొండంత ఉంది. భౌతికశాస్త్రం చదివేవారు యాంటీబాడీ అంటే ఏమిటో నేర్చుకోండి. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం చదివేవారు ఈ చీకటి కోణం లెక్కను ఒకసారి స్వయంగా చేసి చూడండి. డెంగీ వచ్చిన బిడ్డకు మొదటి రోజే, ఊళ్ళోనే, ఎంత ఉందో కూడా చెప్పగల పరీక్ష మన వానాకాలాలకు కావాలి. దానికి కావలసిన భౌతికశాస్త్రం సిద్ధంగా ఉంది. మిగిలిన సగం పని మీది.